‘చర్చి’ అను మాటకు మన తెలుగు మాటలు

ఈ నెల వేదపాఠము

చదువవలసిన భాగములు: మత్తయి 16:13–20, అపొస్తలుల కార్యములు 8:1–4, 18:1–3, 18–19, రోమీయులకు 16:1–5, ఫిలేమోనుకు 1–3.



మన ఊళ్లలో ఆదివారమునాడు వినబడు మాటలను కొంచెము జ్ఞాపకము చేసికొనుడు. “చర్చికి సున్నము కొట్టించవలె” అని ఒకరందురు. “చర్చి అయిపోయినాక ఇంటికి రా” అని తల్లి కుమారునితో చెప్పును. “మీ వియ్యంకులు ఏ చర్చివాళ్లు?” అని పెండ్లి మాటలలో పెద్దలు అడుగుదురు. “చర్చివాళ్లంతా కూడి ఆ ముసలమ్మకు బియ్యమిచ్చినారు” అని ఇరుగుపొరుగువారు చెప్పుకొందురు. నాలుగు చోట్లను మాట ఒక్కటే. మొదటి చోట అది గోడలును కప్పును గల కట్టడము. రెండవ చోట ఆరాధన. మూడవ చోట మిషను, లేక శాఖ. నాలుగవ చోట అది మనుష్యులు.

ఇంగ్లీషులో ఈ అర్థములన్నియు ఆ ఒక్క మాటలోనే యిమిడి యున్నవి. ఇంకను రెండున్నవి. లోకమంతటనున్న విశ్వాసులందరికిని అదే పేరు. ఒకడు ‘చర్చిలో ప్రవేశించెను’ అని ఇంగ్లీషువారు చెప్పినప్పుడు, అతడు గురు పదవి పొందెనని అర్థము కావచ్చును. ఇట్టి మాటను తెలుగులోనికి ఎట్లు తేవలెను? ఇది పండితులకు మాత్రమే విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. మనము దేనిని ఏ పేరున పిలుతుమో, దానిని గూర్చి ఆ ప్రకారమే తలంచుటకు అలవాటుపడుదుము. మందిరమునకు తాళము పడి జనులు ఊరు విడిచి పోవు సుగ్గి నెలలలో ఈ ప్రశ్న మన ప్రాంతమునకు మిక్కిలి దగ్గరది.

1. ఇంగ్లీషు మాట ఎక్కడనుండి వచ్చెను?

క్రొత్త నిబంధన గ్రీకు భాషలో వ్రాయబడినది. అందులోని మాట ‘ఎక్లేసియ’. ఆ కాలపు గ్రీకు పట్టణములలో పౌరులు కూడి తమ ఊరి సంగతులు విచారించు కూటమునకు ఆ పేరుండెను. పాత నిబంధనను గ్రీకులోనికి మార్చిన యూదులు, దేవుని యెదుట సమకూడిన ఇశ్రాయేలు సమాజమునకు అనేక చోట్ల ఆ మాటనే వాడిరి. రెండు విధములుగాను అది మనుష్యుల పేరే.

ఇంగ్లీషు ‘చర్చి’ పుట్టినది వేరొక గ్రీకు మాటనుండి. అది ‘క్యురియకోన్’, అనగా ప్రభువునకు చెందినది, ప్రభువు ఇల్లు. కాబట్టి ఇంగ్లీషులో మనుష్యుల పేరుండవలసిన చోట ఇంటి పేరు కూర్చుండెను. విలియము టిండేలు 1526లో అచ్చు వేయించిన క్రొత్త నిబంధనలో ‘చర్చి’ని మాని, ‘కాంగ్రిగేషన్’, అనగా సమాజము, అని వ్రాసెను. ఆ మార్పును సర్ థామస్ మోరు గట్టిగా ఆక్షేపించెను. తరువాత 1604లో జేమ్సు రాజు కాలమున క్రొత్త భాషాంతరమునకు ఏర్పాటు జరిగినప్పుడు, ‘చర్చి’ మొదలైన పాత మాటలను ఉంచవలెననియు, దానిని ‘కాంగ్రిగేషన్’ అని మార్చరాదనియు అనువాదకులకు నియమము విధింపబడెను. 1611లో ఆ బైబిలు వెలువడి, ఆ మాట ఇంగ్లీషులో స్థిరపడిపోయెను.

ఇతర దేశములవారికిని ఈ చిక్కు తప్పలేదు. స్పానిషు భాషలో ‘ఇగ్లేసియ’ అను మాట గ్రీకు ‘ఎక్లేసియ’ నుండియే లాటిను ద్వారా వచ్చినది. పుట్టుకచేత అది మనుష్యుల పేరు. అయినను కాలము గడచినకొలది అదియు కట్టడమునకు, జనులకు, శాఖకు అన్నింటికిని పేరాయెను. అందుచేత ఇంగ్లీషు నుండి స్పానిషులోనికి మార్చువాడు ఈ మాట యొద్ద తరచుగా ఆగనక్కరలేదు. ఒక భాషలోని చిక్కు అట్లే రెండవ భాషలోనికి దాటిపోవును. ‘ఆరాధన’ అను అర్థము వచ్చు చోట మాత్రము అతడు ఆగి, కతోలికులను గూర్చియైతే ‘మీస’ అనియు, ప్రొటెస్టంటులను గూర్చియైతే ‘కుల్తో’ అనియు వేరు మాట వెదకవలెను. తెలుగు అనువాదకునికి అట్టి సులువు లేదు. అతడు ప్రతి చోటను ఆగి, ‘ఇక్కడ చర్చి యనగా ఏది?’ అని విచారింపవలసినదే.

2. తెలుగు బైబిలులో ఎంచుకొనిన మాట

1805లో లండను మిషనరీ సొసైటీవారైన జార్జి క్రాను, ఆగస్టసు డెస్ గ్రాంజెసు విశాఖపట్టణము చేరి తెలుగు నేర్చుకొనిరి. ఆనందరాయరు అను విశ్వాసి వారి పనికి తోడ్పడెను. క్రాను 1809లోను, డెస్ గ్రాంజెసు 1810లోను మరణించిరి. వారు విడిచిపోయిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను. నాలుగు సువార్తలలో ‘ఎక్లేసియ’ అను మాట కనబడునది మత్తయిలో మాత్రమే, 16వ అధ్యాయములోను 18వ అధ్యాయములోను. కనుక తెలుగున సువార్త పని ఆరంభించినవారికి మొదటి పుస్తకములోనే ఈ ప్రశ్న ఎదురాయెను. తరువాత అనేకులు ఆ భాషాంతరములను మరల మరల సవరించిరి. 1873 మొదలు రెండు దశాబ్దములకు పైగా ఆర్కాటు మిషనుకు చెందిన జేకబు చేంబర్లేను తెలుగు బైబిలు సవరణ కమిటీకి అధ్యక్షుడుగా నుండెను.

మన చేతులలోనున్న బైబిలులో ఆ మాట ‘సంఘము’. పేతురు ఒప్పుకోలు విని ప్రభువు తాను కట్టుదునని చెప్పినది సంఘమునే. మన సరిహద్దుకు ఆవల కన్నడ బైబిలు చదువువారు అదే చోట ‘సభె’ అని చదువుదురు. మన ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1వ తేదీవరకు బళ్లారి జిల్లాలోనిదే. ఆ బళ్లారికి 1810లో వచ్చిన జాన్ హాండ్సు కన్నడ బైబిలు భాషాంతరమునకు పాటుపడినవారిలో ముఖ్యుడు. ఆదోని సంతలో ప్రక్కప్రక్కన నిలువబడు ఇద్దరు క్రైస్తవులలో ఒకరు ‘సంఘము’ అనియు, ఒకరు ‘సభె’ అనియు అనుటకు కారణమిదే. తమిళ బైబిలులోను ‘సభ’ అను మాటయే యున్నది. తెలుగు కతోలికులు ‘శ్రీసభ’ అందురు.

రెండును మంచి మాటలే. అయితే తెలుగువాని చెవికి వాటిలో ఒక భేదము వినబడును. సభ కూడును, సభ ముగియును. జనులు లేచి ఇండ్లకు పోయిన తరువాత సభ లేదు. సంఘమట్లు కాదు. దానిలోనివారు వేరువేరు ఇండ్లలో నిద్రించుచున్నను, వేరువేరు చేలలో పనిచేయుచున్నను, సంఘము సంఘముగానే యుండును. తెలుగు బైబిలు ఈ భేదమును చక్కగా కాపాడినది. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఎఫెసు పట్టణపు జనులు నాటకశాలలో గుమికూడి కేకలు వేసిరి. అక్కడను గ్రీకులో ‘ఎక్లేసియ’ అను మాటయే యున్నది. మనవారు అచ్చట ‘సంఘము’ అనక ‘సభ’ అనిరి. అదే అధ్యాయము 37వ వచనములో 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ‘చర్చీలు’ దోచినవారని వ్రాసినది. అవి విగ్రహముల ఆలయములు. మన తెలుగు బైబిలు అక్కడ ‘గుడి’ అని సరిగా చెప్పినది. ఇంగ్లీషు మాటను మాత్రమే పట్టుకొని పోయినయెడల ఆ వచనము మనకు తారుమారుగా తోచియుండును.

3. సంఘము మన నేల మాటయే

‘సంఘము’ అనునది మిషనరీలు కల్పించిన మాట కాదు. మన జిల్లాలోనే, పత్తికొండ–గుత్తి త్రోవలో ఎఱ్ఱగుడి యొద్ద, బండలమీద అశోక చక్రవర్తి శాసనములున్నవి. అవి క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దమునాటివి. తాను బౌద్ధ సంఘమును దర్శించితినని ఆ చక్రవర్తి వాటిలో చెప్పుకొనెను. అనగా 2200 సంవత్సరములకు పైగా ఈ మాట మన రాళ్లమీదనే యున్నది.

నేటికిని అది బ్రతికియున్న మాట. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు నేతపనివారికొరకు సహకార సంఘము స్థాపించిరి. మగ్గములవారు దానిని సొసైటీ అని పిలిచిరి. ఇప్పుడు ప్రతి ఊరిలోను పొదుపు సంఘములు, రైతు సంఘములు, కుల సంఘములు కలవు. కాబట్టి మన మాటకును అనేకార్థములు వచ్చినవి. ‘సంఘము’ అనగానే ఒకడు పొదుపు డబ్బును, మరియొకడు తన కులమును తలంచుకొనవచ్చును. వాటికిని క్రీస్తు సంఘమునకును గల భేదమును మన పిల్లలకు తెలియజెప్పుట మన పని.

సహకార సంఘములో చేరువాడు తన వాటా సొమ్ము చెల్లించి సభ్యుడగును. క్రీస్తు సంఘమైతే వేరొకరు వెల చెల్లించి సంపాదించుకొనినది (అపొస్తలుల కార్యములు 20:28). చందా తక్కువ యిచ్చిన బీదవానికి దానిలో తక్కువ వాటా లేదు. కుల సంఘములో పుట్టుకచేత చేరుదుము. క్రీస్తు సంఘములో యూదుడును గ్రీసుదేశస్థుడును, దాసుడును స్వతంత్రుడును ఒక్కటిగా చేయబడిరి (గలతీయులకు 3:28). ఫిలేమోను ఇంటనుండిన సంఘమునకు పౌలు వ్రాసిన పత్రిక, పారిపోయిన దాసుడైన ఒనేసిమును సహోదరునిగా చేర్చుకొనుమని కోరుచున్నది. సంఘమను మాట మన నోట నుండి, మన కూటములో కులమునుబట్టి కూర్చుండు చోట్లు ఏర్పడినయెడల, ఆ మాటను మనమే అబద్ధము చేయుదుము.

4. ఏ అర్థమునకు ఏ మాట?

మన సౌకర్యముకొరకు ఇట్లు విభజించుకొనవచ్చును.

కట్టడమునకు: మందిరము, ఆలయము, గుడి.
ఆదివారపు కూడికకు: ఆరాధన, ప్రార్థన కూటము.
ఒక ఊరి విశ్వాసులకు: సంఘము.
లోకమంతటను, అన్ని కాలములలోను ఉన్న విశ్వాసులకు: సార్వత్రిక సంఘము.
శాఖకు: మిషను, శాఖ, కొన్నిచోట్ల సంఘమే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఐక్యపడి ఏర్పడిన గొప్ప శాఖకు తెలుగులో దక్షిణ ఇండియా సంఘము అని పేరు.
గురు పదవికి: పరిచర్య, కాపరి పని.

ఇన్ని మాటలుండుట మన భాషకు లోటు కాదు, మేలే. సౌలు సంఘమును పాడుచేయుచుండెనని 8వ అధ్యాయములో చదువుదుము. అతడు ఏమి చేసెను? ఇల్లిల్లు తిరిగి పురుషులను, స్త్రీలను ఈడ్చుకొని పోయెను. చర్చిని పాడుచేసెనని ఇంగ్లీషు అర్థముతో వినిన పిల్లవాడు, అతడు గోడలు పడగొట్టెనని తలంచును. అప్పటికి పడగొట్టుటకు గోడలే లేవు. విశ్వాసులు బహుకాలము ఇండ్లలోనే కూడుకొనిరి. సిరియా దేశమున యూఫ్రటీసు నది యొడ్డునున్న దూరా యూరోపస్ అను పాడుపడిన పట్టణములో, 3వ శతాబ్దమున ఆరాధనకొరకు మార్చబడిన ఇల్లొకటి త్రవ్వకములలో బయలుపడెను. అదియు గోడలు తీసి గది పెద్దది చేసికొనిన సామాన్యమైన ఇల్లే.

ఇట్లు చెప్పుటచేత మందిరములను తృణీకరింపుడని కాదు. మన పెద్దలు రాళ్లు మోసి, కూలి దినములు విడిచి, గుప్పెడు గుప్పెడు బియ్యము చేర్చి వాటిని కట్టిరి. ఎమ్మిగనూరు నేతగాండ్రకు ఈ సంగతి సులభముగా బోధపడును. మగ్గమునకు నీడ కావలెను, వానకు తడియని కొట్టము కావలెను. అయినను కొట్టమును చూచి ఎవరును చీర యనరు. పడుగును పేకయు కలిసి నేయబడినదే వస్త్రము. దానిని మడిచి ఏ ఊరికి పంపినను వస్త్రమే.

5. సుగ్గికి పోయిన సంఘము

‘సుగ్గి’ యనునది కూడ ఎల్ల దాటి వచ్చి అర్థము మారిన మాటయే. కన్నడములో సుగ్గి యనగా పంట కోతకాలము, సంతోషకాలము. మన కోసిగి, కౌతాళము, పెద్దకడబూరు, మంత్రాలయము ప్రాంతములలో సుగ్గికి పోవుట యనగా ఇంట పని లేక పొరుగు జిల్లాలకు కూలికి పోవుట. వానలు తప్పిన యేడు పత్తి తీతకును మిరపకాయల కోతకును గుంటూరు వైపునకు, మరికొందరు కర్ణాటకకు, తెలంగాణమునకు, కట్టడపు పనులకు బెంగుళూరునకు పోవుదురు. పిల్లలను బడి మాన్పించి వెంట తీసికొనిపోవువారు కలరు. చేని గట్టున పరదా గుడిసె వేసికొని, నెలల తరబడి అక్కడనే వండుకొని పండుకొందురు. ఊరిలో ముసలివారును తాళములును మిగులును.

అట్టి నెలలలో “మా ఊళ్లో చర్చి లేదు, అందరూ సుగ్గికి పోయినారు” అను మాట వినబడును. మందిరము తెరువబడలేదను అర్థముతో అది నిజమే. సంఘము లేదను అర్థముతో అది నిజము కాదు. సంఘము మిరప చేనిలో నున్నది. అది అలసియున్నది, కాపరి లేకయున్నది, ఆదివారమును పనిదినమును భేదము లేక గడుపుచున్నది. అయినను అది సంఘమే.

అకుల, ప్రిస్కిల్ల అను దంపతుల సంగతి చూడుడి. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞనుబట్టి వారు రోమా విడిచి కొరింథు చేరిరి. డేరాలు కుట్టుకొని బ్రతికిరి. అక్కడనుండి ఎఫెసునకు పోయిరి. ఎఫెసులో వారి యింట సంఘముండెనని 1 కొరింథీయులకు 16:19లో చదువుదుము. తరువాత రోమాకు తిరిగిపోయిరి. అక్కడను వారి యింట సంఘముండెనని రోమీయులకు 16:5 చెప్పుచున్నది. మూడు పట్టణములు మారిన పనివారు వీరు. వారితోకూడ ఏ మందిరమును కదలి పోలేదు. ‘చర్చి’ యనగా కట్టడమే యైనయెడల, వీరిని గూర్చి ఈ మాట వ్రాయుటకే వీలు లేకపోయియుండును.

యెరూషలేమునుండి చెదరిపోయినవారును (8:1, 4) తాము సంఘమునుండి వేరైతిమనుకొనలేదు. వెళ్లిన చోట్లనెల్ల వాక్యము చెప్పిరి. రోమాకు వెళ్లుచున్న ఫీబేను గూర్చి పౌలు, ఈమె కెంక్రేయ సంఘములో పరిచారకురాలు, ఈమెను చేర్చుకొని సహాయము చేయుడని వ్రాసి పంపెను. ప్రయాణమై పోవు విశ్వాసిని వట్టి చేతులతో పంపకూడదని ఇందువలన నేర్చుకొందుము.

6. మనము చేయదగిన పనులు

మొదటిది, సుగ్గికి పోవు కుటుంబముల పేర్లు, వారు పోవు ఊరి పేరు, ఫోను నంబరు సంఘ పుస్తకములో వ్రాసికొనుడు. ఆరాధనకు రాలేదని, చందా కట్టలేదని వారి పేర్లు కొట్టివేయవద్దు. సంఘ పెద్దల ఎన్నిక వారు తిరిగివచ్చిన తరువాత పెట్టుకొనుట న్యాయము.

రెండవది, వారు పోవు ఊరిలో ఏ శాఖవారి సంఘమున్నను, మన కాపరిచేత ఒక పరిచయ పత్రిక వ్రాయించి వారి చేతికిండు. అక్కడి కాపరికి ఫోను చేసి చెప్పుడు.

మూడవది, పది కుటుంబములు ఒక్కచోట పనికి కుదిరినయెడల, వారిలో చదువు వచ్చిన ఒక స్త్రీనిగాని పురుషునిగాని ఏర్పరచి, బైబిలును పాటల పుస్తకమును ఇచ్చి, ప్రార్థనచేసి పంపుడు. సాయంకాలము గుడిసె ముందర అరగంట కూడుకొనినను చాలును.

నాలుగవది, ఊరిలో మిగిలిన వృద్ధులను, బడికి పోవు పిల్లలను మిగిలినవారు చూచుకొనవలెను. పిల్లవాడు సుగ్గికి పోక బడిలో నిలుచునట్లు అతనికి ఒక పూట కూడు పెట్టు ఇల్లు సంఘపు పని చేయుచున్నది.

అయిదవది, పిల్లలకు మాటలు నేర్పునప్పుడు, ‘మందిరమునకు పోదము, సంఘముతో కూడుదము’ అని వేరువేరుగా చెప్పుడు. ‘చర్చి’ అను మాటను మానివేయనక్కరలేదు. అది మన నోట ఇమిడిపోయినది. ఏ అర్థముతో పలుకుచున్నామో తెలిసి పలికిన చాలును.

చర్చించుటకు ప్రశ్నలు

1. మీ ఊరిలో ‘చర్చి’ అను మాటను ఎన్ని అర్థములతో వాడుచున్నారు? ఒక్కొక్కదానికి తెలుగు మాట చెప్పుడు.
2. ‘సభ’, ‘సంఘము’ అను మాటలకు భేదమేమి? అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఏది ఎక్కడ వచ్చెను?
3. సహకార సంఘములో చేరుటకును క్రీస్తు సంఘములో చేరుటకును గల భేదమును వివరింపుడు.
4. ఈ యేడు మీ సంఘమునుండి ఎందరు సుగ్గికి పోయిరి? వారిని గూర్చి మీ పెద్దలు ఏమి తీర్మానించిరి?

ప్రార్థన

ప్రభువా, నీ రక్తముతో కొనిన సంఘములో మమ్మును చేర్చుకొంటివి గనుక నీకు స్తోత్రము. ఊరిలో మిగిలినవారిని, దూరపు చేలలో పనిచేయువారిని నీవు ఒక్కటిగా చూచుచున్నావు. మేమును వారిని ఆలాగు చూచుటకు సహాయము చేయుము. ఎండలోను చలిలోను వారిని కాపాడి, క్షేమముగా ఇండ్లకు చేర్చుము. ఆమేన్.